రిజిస్టరు లేని జైలు

ఆమె ఓటీటీ సిరీస్‌లకు కథలు రాస్తుంది. ఇప్పుడు చేతిలో ఉన్నది జైలు కథ. ఆయన ఆమెకు బాబాయి, జైళ్ల శాఖలో జైలర్‌గా చేసి రిటైరయ్యారు. అమెరికా జైలు సీరియళ్లు చూడమని ఆయనకు పెట్టింది ఆమే. చూశాక మొదలైన పేచీ ఇది.

బాబాయ్: చూశాలే. నీ 'ఓజ్' చూశాను, ఆ పాకిస్తానీ కుర్రాడి కథ చూశాను, ఆడవాళ్ల జైలుదీ చూశాను. బాగా తీశారు, కాదనను. కానీ జైలంటే తెలిసినవాడికి ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఖైదీ లోపలికి రాగానే వాడి జాతి వాడితోపాటే సంచీలో వచ్చినట్టు చూపిస్తారు. వాణ్ని ఏ గుంపులో వెయ్యాలో రాసుకునేవాడు మాత్రం ఎక్కడా కనపడడు.

అమ్మాయి: అదేంటి బాబాయ్, ఓజ్‌లో ప్రతి ఖైదీ వచ్చినప్పుడూ వివరాలు చదువుతారు కదా. చక్రాల కుర్చీలో కూర్చుని కథ చెప్పే అగస్టస్ హిల్ ఉన్నాడుగా, అతని గొంతే వినిపిస్తుంది.

బాబాయ్: అదే చెప్తున్నా. మన జైళ్లలో ఖైదీ హిస్టరీ టికెట్టు చదివినట్టే చదువుతాడు. నంబరు, నేరం, శిక్ష, పెరోల్ ఎప్పుడు వస్తుందో అన్నీ చదువుతాడు. జాతి మాత్రం చదవడు. తరవాతి సీన్లో ఆ కొత్తవాడు భోజనాల హాల్లోకి వెళ్తాడు, అక్కడ అందరూ అప్పటికే రంగు ప్రకారం బల్లలు పంచుకుని కూర్చుని ఉంటారు. నల్లవాళ్లు ఒక బల్ల, ముస్లింలు ఒకటి, ఆర్యన్ బ్రదర్‌హుడ్ ఒకటి, లాటినోలు, ఇటాలియన్లు, ఐరిష్‌వాళ్లు, మోటారు సైకిళ్ల బ్యాచ్. ఎందులోనూ ఇమడనివాళ్లు 'ఇతరులు'. వీళ్లని ఇలా ఎవరు కూర్చోబెట్టారు?

అమ్మాయి: కథ ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా. మీరు దాని ముందు ఏమొచ్చిందో చూడాలి. 1997 జులైలో ఓజ్ మొదలైంది. హెచ్‌బీవో తీసిన మొట్టమొదటి గంట నిడివి డ్రామా సిరీస్ అదే. టామ్ ఫాంటానా సృష్టి. 2003 దాకా 56 ఎపిసోడ్లు. అంతకు మూడేళ్ల ముందు వచ్చిన 'షాషాంక్ రిడెంప్షన్' గుర్తుందా? మీకు ఇష్టమైన సినిమా.

బాబాయ్: ఇప్పటికీ ఇష్టమే.

అమ్మాయి: అందులో రెడ్ పాత్ర స్టీఫెన్ కింగ్ నవలికలో ఎర్రజుట్టు ఐరిష్‌వాడు. సినిమాలో మోర్గన్ ఫ్రీమన్‌ని పెట్టారు. మంచి నిర్ణయమే, ఆయన తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. కానీ 1940లలో మొదలయ్యే అమెరికా జైలు కథలో ఒక తెల్ల బ్యాంకరూ ఒక నల్లవాడూ రెండు దశాబ్దాలు స్నేహం చేస్తే, రంగు మాటే రాదు. ఐరిష్‌వాణ్ని కాబట్టి ఆ పేరొచ్చిందేమో అని ఒక జోకు వేసి వదిలేశారు. చూసేవాళ్లకి హాయిగా ఉంటుంది. అమెరికా జనాభాలో నల్లవాళ్లు 13 శాతం చిల్లర, జైళ్లలో దాదాపు మూడో వంతు వాళ్లే. ఆ సంగతి ఎత్తకుండా జైలు సినిమా తీయడం కంటే పెద్ద అబద్ధం ఇంకేముంది? ఓజ్ ఆ అబద్ధాన్ని బద్దలు కొట్టింది. తాగి కారు నడిపి ఒక పాపను చంపిన తెల్ల లాయరు బీచర్‌ని ఆర్యన్ నాయకుడు షిలింజర్ ఏం చేశాడో చూశారుగా, ఒంటిమీద స్వస్తికా గుర్తు కాల్చాడు. తెల్లవాళ్లంతా ఒకటి అనుకునే ప్రేక్షకుడికి మొదటి వారంలోనే దిమ్మ తిరిగింది.

బాబాయ్: ఆ షిలింజర్ వేసినవాడు స్పైడర్‌మ్యాన్ సినిమాల్లో పేపరు ఎడిటరు కదూ? జె.కె. సిమన్స్. వాణ్ని చూస్తే నాకు నిద్ర పట్టలేదు. సరే, అది వేరే సంగతి. అమ్మాయ్, రంగు చూపించారని నా బాధ కాదు. రంగుని ఖైదీల గుణంలా చూపించారని. అసలు సంగతి చెప్తా విను. కాలిఫోర్నియాలో గారిసన్ జాన్సన్ అని ఒక నల్లజాతి ఖైదీ. 1987 నుంచి లోపలున్నాడు. అప్పట్లో అక్కడ కొత్త ఖైదీ వచ్చినా, వేరే జైలు నుంచి బదిలీ అయి వచ్చినా, ముందు రిసెప్షన్ సెంటర్లో పెట్టేవారు. గరిష్ఠంగా 60 రోజులు. ఆ రోజుల్లో ఇద్దరుండే సెల్లో పక్కవాడు ఎవరన్నది అధికారి నిర్ణయం. నాలుగు గడులు: నల్ల, తెల్ల, ఆసియా, ఇతర. అంతటితో ఆగదు. జపాన్ వాణ్ని, చైనా వాణ్ని ఒక సెల్లో పెట్టేవారు కాదు. ఉత్తర కాలిఫోర్నియా లాటినోని దక్షిణ కాలిఫోర్నియా లాటినోతో పెట్టేవారు కాదు. జాన్సన్ ఎన్నిసార్లు బదిలీ అయినా పక్క మంచం మీద నల్లవాడే. 1995లో తనే కాగితం రాసి కోర్టుకు పంపాడు.

అమ్మాయి: గెలిచాడా?

బాబాయ్: 2005లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతని వైపు మొగ్గింది. తీర్పు రాసింది జస్టిస్ శాండ్రా డే ఓకానర్. ఆ పద్ధతిని అక్కడికక్కడ కొట్టెయ్యలేదు. జాతి ప్రకారం విడదీస్తే అధికారుల మాటను ఊరికే నమ్మి ఊరుకోకూడదు, గట్టి కారణం ఉందా అని కఠినంగా పరీక్షించాలి అని కింది కోర్టుకు పంపింది. ఆవిడ రాసినదాంట్లో నాకు పట్టిన ముక్క ఒకటుంది. గొడవలాపడానికి విడదీస్తున్నాం అంటున్నారు, విడదీయడమే ఆ గొడవను పెంచొచ్చు అని. ఇంకో విచిత్రం విను. ఆ 60 రోజులు దాటాక అదే జైళ్లలో భోజనాలూ, మైదానమూ, పనీ అన్నీ కలిపే. సెల్లో ఎవరితో ఉండాలో కూడా చాలావరకు ఖైదీలే ఎంచుకునేవారు. అంటే కొత్తవాడికి మొదటి పాఠం రంగు. అది నేర్పింది ముఠా కాదు, ఆఫీసు.

అమ్మాయి: ఆ తీర్పుకు ఎదురు రాసినవాళ్లలో క్లారెన్స్ థామస్ ఉన్నాడు బాబాయ్. ఆయనా నల్లవాడే. జైలు నడిపేవాళ్లకి తెలిసినంత జడ్జీలకి తెలియదు, వాళ్ల మాట వినండి అన్నాడు. మీరు డ్యూటీలో ఉంటే ఎవరి పక్షం?

బాబాయ్: సాయంత్రం లాకప్ వేళకి లెక్క సరిపోవాలి, తెల్లారి తలుపు తీసేసరికి అందరూ ప్రాణాలతో ఉండాలి. ఆ సమయంలో అడిగితే థామస్ పక్షమే. అందులో దాచడానికేం లేదు. మూడొందల మందికి పట్టే చోట ఆరొందల మందిని కుక్కితే ఎవడైనా సులువైన గీత వెతుక్కుంటాడు. నేను అడుగుతున్నది ఆ గీత గీసే చెయ్యి చూపించమని. నాకు సానుభూతి అక్కర్లేదు, తెరమీద చోటు కావాలి.

అమ్మాయి: అయితే ఓజ్ నాలుగో సీజన్ మీరు సరిగా చూడలేదు. ఎమరాల్డ్ సిటీ యూనిట్ నడిపే తెల్లాయన మెక్‌మానస్‌ని తీసేసి, క్వెర్న్స్ అనే నల్ల అధికారిని పెడతారు. నల్ల ముఠా నాయకుడు అడెబిసి వెనకుండి నడిపిస్తాడు. వచ్చీరాగానే తెల్లవాళ్లని వేరే యూనిట్లకి పంపించేస్తాడు క్వెర్న్స్. యూనిట్ దాదాపు అంతా నల్లవాళ్లతో నిండిపోతుంది. మీరు అడిగిన చెయ్యి ఇదేగా? ఎవరెక్కడ ఉండాలో ఆఫీసు నిర్ణయించడం పూర్తిగా తెరమీదే జరిగింది.

బాబాయ్: చూశాను. అక్కడే నాకు ఒళ్లు మండింది. ముందు మూడు సీజన్లూ మెక్‌మానస్ చేసిందేంటి? ఒక్కో గుంపు నుంచి కొందర్ని లెక్కగా తెచ్చి గాజు గోడల మధ్య పెట్టాడు. అదీ రంగు చూసి పంచడమే. కానీ అప్పుడు దాన్ని ప్రయోగం అన్నారు, సంస్కరణ అన్నారు. అదే పని నల్ల అధికారి చేసేసరికి కుట్ర అయింది, మాదకద్రవ్యాలయ్యాయి, నెత్తుటితో ముగిసింది. ఆఫీసు రంగు చూసి పనిచేస్తుందని మీ సీరియల్ ఒప్పుకున్నది ఒక్కసారి, ఆ ఒక్కసారీ ఆఫీసులో కూర్చున్నవాడు నల్లవాడు.

అమ్మాయి: ...అది నేను అలా చూడలేదు. కానీ ఒక మాట. అడెబిసిని చంపింది సయీద్, ముస్లింల నాయకుడు, అతనూ నల్లవాడే. ఆ యూనిట్‌లో జరుగుతున్నది నల్లవాళ్ల మేలు కాదని బయటపెట్టిందీ అతనే. ఒకే రంగులో ఇద్దరు మనుషులు పూర్తిగా ఎదురెదురుగా నిలబడడం అప్పటి టీవీలో చిన్న విషయం కాదు. ఆ ఇద్దరు నటులూ, ఈమన్ వాకర్, అడెవాలే అకినూయే-అగ్బాజే, లండన్ వాళ్లు. అమెరికా జైలులో నల్లతనం అంటే ఏంటో చూపించడానికి ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నారు.

బాబాయ్: నటులకేం, ఎక్కడివాళ్లయితేనేం. బాగా చేశారు.

అమ్మాయి: సరే, 'ది నైట్ ఆఫ్' సంగతి చెప్పండి. దాంట్లో మీ ఆఫీసు కావలసినంత ఉంది.

బాబాయ్: మొదటి ఎపిసోడ్‌కి దండం పెడతాను. ఆ కుర్రాణ్ని స్టేషన్‌కి తెచ్చాక జరిగే ప్రతి పనీ వరసగా చూపించాడు. బట్టలు తీసుకోవడం, శాంపిళ్లు తీయడం, ఫోటో, కూర్చోబెట్టి విసిగించడం. అరిచేవాడు లేడు, కొట్టేవాడు లేడు. మనిషి కేసుగా మారడం అలాగే ఉంటుంది.

అమ్మాయి: దానికి మూలం బీబీసీ వాళ్ల 'క్రిమినల్ జస్టిస్', 2008. అందులో కుర్రాడు తెల్లవాడు, బెన్ విషా చేశాడు. 2016లో అమెరికాలో మళ్లీ తీసేటప్పుడు కుర్రాడు నాజ్ అయ్యాడు. క్వీన్స్‌లో ఉండే పాకిస్తానీ కుటుంబం, తండ్రి టాక్సీ తోలతాడు. అదే హత్య, అదే రాత్రి, కానీ ముఖం మారేసరికి కథ మారిపోయింది. రిజ్ అహ్మద్‌కి 2017లో ఎమ్మీ వచ్చింది. మనవాళ్లలా ఉండే ముఖం అమెరికన్ జైలు కథ మధ్యలో నిలబడడం నాకు అదే మొదటిసారి చూడడం. అతన్ని ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టాలో రైకర్స్ ఐలండ్ జైల్లో ఎవరికీ తెలియదు.

బాబాయ్: తెలియకేం, ఫ్రెడ్డీ చేరదీశాడుగా. అక్కణ్నుంచి మళ్లీ పాత కథే. నల్ల దాదా, వాడి చల్లని నీడ, గుండు, వేళ్ల మీద పచ్చబొట్లు, మత్తు. రైకర్స్‌లో ఉండేవాళ్లు ఎక్కువమంది శిక్ష పడనివాళ్లు, మన అండర్ ట్రయల్ లాంటివాళ్లు. బెయిలు డబ్బు లేక ఉండిపోయినవాళ్లు. వాళ్లని ఎక్కడో వెనక నిలబెట్టి, ముందు ఒక్క దాదాని పెట్టారు. మైకేల్ కె. విలియమ్స్ గొప్పగా చేశాడనుకో.

అమ్మాయి: జైలుని పక్కన పెట్టండి. లాయరాఫీసు చూశారా? అలిసన్ క్రో అనే పేరున్న లాయరు ఆ కేసు పట్టుకోవడానికి నాజ్ అమ్మానాన్నల దగ్గరికి వెళ్తూ, తన ఆఫీసులో భారతీయ మూలాలున్న చిన్న లాయరు చంద్రా కపూర్‌ని వెంట తీసుకెళ్తుంది. ఆ పిల్లకి అప్పటిదాకా ఈ కేసుతో సంబంధం లేదు. ముఖం చూసి అమ్మానాన్నలు నమ్ముతారని. జాతి అంటే ఖైదీల మధ్య కత్తులే అని ఆ సీరియల్ అనుకోలేదు. కార్పెట్ వేసిన ఆఫీసులో కూడా దాన్ని వాడుకుంటారని చూపించింది. మీరడిగిన చెయ్యి అది కాదా?

బాబాయ్: అది... అది బాగానే పట్టావు. నేను జైలు గోడ లోపలే వెతుకుతున్నాను.

అమ్మాయి: అందుకే అంటున్నా, డ్రామా మొత్తాన్ని ఒక్క గంపలో వేసి కొట్టకండి.

బాబాయ్: డ్రామా అన్నావు కాబట్టి నాటకం గురించి చెప్తా. దక్షిణాఫ్రికాలో రాబెన్ ఐలండ్ జైలు తెలుసుగా. 1964లో మండేలానీ, తోటివాళ్లనీ అక్కడికి పంపారు. వాళ్లలో అహ్మద్ కత్రాడా ఒకడు, భారతీయ మూలాలవాడు. ఒకే కేసు, ఒకే యావజ్జీవం. దుస్తుల దగ్గర ఏం చేశారో తెలుసా? కత్రాడాకి పొడుగు ప్యాంటు. మండేలాకి పొట్టి నిక్కరు, ఎందుకంటే ఆయన ఆఫ్రికన్. తిండి కూడా అంతే. భారతీయులకీ మిశ్రమ జాతివాళ్లకీ బ్రెడ్డు ఉంది, ఆఫ్రికన్లకి లేదు. ఎవరికెంత అని చార్టు రాసి పెట్టారు. ఆ ఇద్దరిలో తేడా కథ రాసేవాడు పుట్టించలేదు, ఏ ముఠా పుట్టించలేదు. స్టోర్ కీపర్ పుట్టించాడు. గిన్నెలో, బట్టల మూటలో.

అమ్మాయి: ఆ జైలు మీద 'ది ఐలండ్' నాటకం ఉంది కదా. అథోల్ ఫుగార్డ్, జాన్ కాని, విన్‌స్టన్ న్‌చోనా ముగ్గురూ కలిసి చేసింది.

బాబాయ్: అదే చెప్పబోతున్నా. 1973లో కేప్‌టౌన్‌లో మొదట ఆడారు. జైలు లోపలి సంగతులు బయటపెట్టడం అప్పుడు అక్కడ నేరం, అందుకే మొదట వేరే పేరుతో ఆడారు. రంగస్థలం మీద ఇద్దరే ఖైదీలు. తెల్ల వార్డరు హొడోషే ఒక్కసారి కూడా కనపడడు. విజిల్ వినిపిస్తుంది, అంతే. ఆ విజిల్ వినగానే ఆ ఇద్దరూ పరిగెత్తుతారు. రాజ్యం ఎంత పెద్దదో చూపించడానికి వాళ్లకి ఒక విజిల్ చాలింది. మీకు 56 ఎపిసోడ్లు పట్టినా చాలలేదు.

అమ్మాయి: మీ విజిల్ గంటన్నర నాటకంలో నడుస్తుంది బాబాయ్. ఎనిమిది ఎపిసోడ్లు విజిల్‌తో నడిపితే నిర్మాత నన్ను గేటు బయటికి పంపిస్తాడు. పైగా ఆ నాటకం ఎవరు చూశారు? హాల్లో పట్టేంతమంది. 'ఆరెంజ్ ఈజ్ ది న్యూ బ్లాక్' ప్రపంచమంతా చూసింది. అది ఎలా అమ్ముడుపోయిందో జెంజీ కోహన్ తనే చెప్పింది. నల్ల ఆడవాళ్ల కథలు, లాటినా ఆడవాళ్ల కథలు అని ఛానెల్ దగ్గరికి వెళ్తే ఎవరూ కొనరు, అందుకే పైపర్ అనే తెల్లపిల్లని ట్రోజన్ గుర్రంలా ముందు పెట్టాను అంది. అలా పెట్టబట్టే లోపలికి నల్లపిల్ల పూసే వచ్చింది, సోఫియా వచ్చింది. సోఫియా వేసిన లావెర్న్ కాక్స్ 2014లో నటన విభాగంలో ఎమ్మీ నామినేషన్ పొందిన మొదటి బహిరంగ ట్రాన్స్ నటి. అడ్డదారే. కానీ దారి.

బాబాయ్: గుర్రం లోపల ఉన్నవాళ్లు ఊపిరాడక చచ్చారు కదమ్మా. నాలుగో సీజన్లో పూసేని గార్డు నేలకేసి అదిమితే ప్రాణం పోయింది. ఆ గార్డు కుర్రాడు ఎంత మంచివాడో చెప్పడానికి మళ్లీ వాడి పాత జీవితం అంతా చూపించారు. చచ్చిన పిల్ల మీద పెట్టాల్సిన కెమెరా.

అమ్మాయి: పూసేకి దాని తరవాత ఎపిసోడ్‌లో చోటిచ్చారు. కానీ ఒప్పుకుంటా, ఆ గార్డు కథ నాకూ మింగుడు పడలేదు. చాలామంది నల్ల ప్రేక్షకులకీ పడలేదు.

బాబాయ్: ఇంకోటి. ఆ ఆడవాళ్లకి మొదటి సీజన్లోనే ప్రతినిధుల ఎన్నిక పెడతారు, ఒక్కో జాతికి ఒక్కో ప్రతినిధి. జాతి ముఠాలు మగవాళ్ల జైళ్లలో ఉన్నంత బలంగా ఆడవాళ్ల జైళ్లలో ఉండవని పరిశోధకులు ఎప్పటినుంచో చెప్తున్నారు. మరి ఆడవాళ్ల జైలుకి కూడా ఓజ్ భోజనాల హాలే ఎందుకు తెచ్చిపెట్టారు? చూసేవాళ్లకి అలవాటైపోయింది కాబట్టి.

అమ్మాయి: అదే సీరియల్ ఏడో సీజన్ మీరు చూశారో లేదో. 2019 జులైలో వచ్చింది. వలస అధికారుల నిర్బంధ కేంద్రం చూపించారు. పుట్టుక కాగితాలు సరిగా లేవని, అమెరికాలోనే పెరిగిన మారిట్జాని విమానం ఎక్కించి పంపేస్తారు. మీరడిగే కాగితం అక్కడ కథానాయకుడు. అదే సంవత్సరం జనవరిలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ప్రభుత్వ అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో చాలామంది తెలుగు పిల్లలు. వాళ్లు కూర్చున్నది ఆ సీజన్లో చూపించినట్టి చోట్లలోనే. మనవాళ్లు ఏడో సీజన్ గురించి రాసినప్పుడు, నేను చూసినంతలో ఎక్కడా ఆ రెంటినీ కలిపి చూడలేదు. జైలు సీరియల్ అంటే నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కొట్టుకోవడం, మనం సోఫాలో కూర్చుని చూడడం.

బాబాయ్: ఆ పిల్లల్ని ఏ గడిలో వేసుంటారు? ఆసియానా, ఇతరులా?

అమ్మాయి: చూశారా, మీరూ మొదట అదే అడిగారు.

బాబాయ్: అలవాటు. ఇన్నేళ్లూ ఆ పనే చేశాను కదా.

అమ్మాయి: మరి మన జైళ్ల సంగతి? అమెరికా వాళ్ల రిజిస్టరు గురించి ఇంత చెప్పారు. మన రిజిస్టర్లో కులం కాలమ్ ఉండేదిగా.

బాబాయ్: ఉండేది. నింపాను. మాన్యువల్లో ఉన్నది రాయాలి. కొన్ని రాష్ట్రాల మాన్యువళ్లలో వంట ఎవరు చెయ్యాలో, పాయిఖానాలు ఎవరు కడగాలో కూడా కులం పేరుతో రాసి ఉండేది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అదంతా రాజ్యాంగ విరుద్ధం అంది. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన పిటిషన్ మీద. రిజిస్టర్లలో కులం కాలమ్ తీసెయ్యమంది, మాన్యువళ్లు మూడు నెలల్లో మార్చమంది. మన సినిమా ఒక్కటి మాత్రం దీన్ని తీర్పు కంటే ముందే పట్టుకుంది. 'జై భీమ్'.

అమ్మాయి: 2021. తమిళంలో తీశారు, అదే రోజు తెలుగులోనూ వచ్చింది. మొదటి సీన్.

బాబాయ్: ఆ మొదటి సీన్. సబ్ జైలు గేటు దగ్గర విడుదలైనవాళ్లు వరసగా బయటికొస్తుంటారు. ఒక్కొక్కణ్నీ నీ కులం ఏంట్రా అని అడుగుతారు. కొందరిని ఇంటికి పొమ్మంటారు, కొందరిని పక్కన నిలబెట్టి కొత్త కేసులకి పోలీసులకి అప్పగిస్తారు. ముఠా లేదు, కత్తి లేదు. ఓజ్ మొత్తంలో లేనిది ఆ సీన్లో ఉంది.

అమ్మాయి: ఆ తరవాత రెండున్నర గంటలు ఆ మనుషుల్ని రక్షించేది ఒక లాయరు హీరో, సూర్య. ఇరులర్ గిరిజన స్త్రీ సినతల్లి అతని వెనక నడుస్తుంది. మీరు మొదటి సీన్ దగ్గరే సినిమా ఆపేస్తారు కాబట్టి మీకు నచ్చింది. పైపర్ గుర్రమైతే, సూర్యని ఏమంటారు?

బాబాయ్: నువ్వు లాయరువి కావాల్సింది. సరే, నీ స్క్రిప్టుకి వద్దాం. ఐదు ముఠాలు పెట్టావు. రెండు కులాలవి, ఒకటి సీమది, ఒకటి పాతబస్తీది, ఒకటి ఎవరిదో నాకు అర్థమే కాలేదు. ప్రతిదానికీ ఒక నాయకుడు, ఒక ఎంట్రీ సీను. రిజిస్టరు ఎక్కడుంది?

అమ్మాయి: మీ తీర్పు ప్రకారం కాలమ్ పోయిందిగా. ఇప్పుడు జరిగే కథలో ఏం చూపించను?

బాబాయ్: కాలమ్ పోయింది. ఇంటిపేరు పోయిందా? ఊరు, తండ్రి పేరు, వీధి? అవి గుర్తింపు కోసం ఎప్పుడూ రాస్తారు. రాసేవాడు మన వైపువాడైతే ఆ నాలుగింటితో సంగతంతా తెలిసిపోతుంది. ఆ తరవాత, వంటగదిలో మనుషులు చాలట్లేదు ఇతన్ని పెట్టండి అంటాడు. కులం మాట నోట రాదు. అది తియ్యి.

అమ్మాయి: దాన్ని కెమెరాతో ఎలా చూపించాలి? పెన్ను ఆగడం, తలెత్తి చూడడం, అంతేగా. ఒక్క నిమిషం ఉంటుంది.

బాబాయ్: అయిదు నిమిషాలు పడుతుంది. నువ్వు ఎప్పుడూ అడ్మిషన్ దగ్గర నిలబడలేదు.

అమ్మాయి: రెండు నిమిషాలు. దానికోసం ఒక ముఠాని తీసేస్తాను.

బాబాయ్: ఆ అర్థం కాని ఐదోది తీసెయ్యి.

అమ్మాయి: ఐదోదే అసలైంది బాబాయ్. సీమ వాళ్లది తీస్తాను, నిర్మాత అడిగితే మీ పేరు చెప్తాను.